కాలువలు కట్టేస్తే సిపాయి

మొన్న వేసవిలో సరిహద్దుల్లో గొడవలు ముదిరిన రోజుల్లో, టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల పట్టీలో, అవసరమైతే టెరిటోరియల్ ఆర్మీ వాళ్ళని కూడా పిలుస్తారని ఒక ముక్క వచ్చింది. నేను కళ్ళజోడు సరిచేసుకునేలోపే అది తెర దాటిపోయింది గానీ, పక్కన కూచుని లేసు అల్లుకుంటున్న మా ఆవిడ మాత్రం చదివేసి, సూది ఆపి, "మా అన్నయ్యే ఉండుంటే ఈపాటికి పెట్టె సర్దేసుకునేవాడండి" అంది. వాళ్ళ అన్నయ్య పోయి ఎనిమిదేళ్ళయింది. ఉండుంటే ఎనభై అయిదు దాటేవాడు. ఆ వయసువాణ్ణి ఏ దేశమూ యుద్ధానికి రమ్మనదని చెప్పబోయి ఊరుకున్నాను. ఊరుకున్నది పెద్దరికం వల్ల కాదు; ఆ ఒక్క మాటకి నా కడుపులో యాభై ఏళ్ళ నాటి మంట మళ్ళీ భగ్గుమంది, నోరు తెరిస్తే అది బయటపడుతుందని భయమేసింది. నాకు డెబ్భై తొమ్మిదేళ్ళు వచ్చాయి, పళ్ళు పోయాయి, బీపీ వచ్చింది, మోకాళ్ళు అరిగాయి. ఈ అసూయ మాత్రం అరగలేదు.

నా ఈడువాళ్ళకి కుండమార్పు పెళ్ళిళ్ళ గురించి వివరించక్కర్లేదు. మాది నరసాపురం. గోదావరికి అవతల ఒడ్డున, కోనసీమలో ఓ రైతు ఇంటికి మా అక్కనిచ్చి, ఆ ఇంటి ఆడపిల్లని నాకు చేసుకున్నారు. రెండు పెళ్ళిళ్ళూ ఒకే పందిట్లో అయిపోయాయని అందరూ సంతోషించారు గానీ, దానివల్ల నాకు జరిగిన నష్టం ఎవరూ చూడలేదు. మా అక్క మొగుడూ, మా ఆవిడ అన్నయ్యా ఒక్కడే అయిపోయాడు. అక్క పుట్టింటికొస్తే మొగుడి గొప్ప చెప్పేది, అది చాలదన్నట్టు మా ఆవిడ అన్నయ్య గొప్ప చెప్పేది, ఇద్దరూ కలిసి చెబుతున్నది ఆ ఒక్క బావ గురించే అయినప్పుడు మా అమ్మ కూడా కూర గిన్నె పట్టుకుని ముందు ఆయన విస్తరి దగ్గరికే నడిచేది. నేను సొంత ఇంట్లో రెండో పంక్తి మనిషినైపోయాను.

ఆ బావ టెరిటోరియల్ ఆర్మీలో సిపాయి. అంటే పూర్తి కాలపు సైనికుడు కాదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలోనూ ఇలాంటి దళాలు ఉండేవట, స్వాతంత్య్రం వచ్చాక మన ప్రభుత్వం మళ్ళీ కొత్తగా ఏర్పాటు చేసింది. సొంత వృత్తి ఉన్నవాడే అందులో చేరాలి. ఏడాదిలో రెండు నెలలు శిక్షణకి వెళ్ళి, మిగతా పది నెలలు తన పని తను చేసుకోవచ్చు. యుద్ధమొస్తేనో, దేశానికి ఏదైనా ఆపద వస్తేనో పిలుస్తారు, అప్పుడు మాత్రం నాగలి దించి తుపాకీ ఎత్తుకోవాల్సిందే. మన డెల్టా రైతుకి ఇంతకంటే కలిసొచ్చే ఉద్యోగం ఇంకోటి లేదని బావ అనేవాడు. రెండో పంట దాళ్వా కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు కదా, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా రైతు అరుగు మీద కూచుని పేకాడటం తప్ప చేసేదేముంటుంది? సరిగ్గా ఆ రోజుల్లో ఈయన ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని క్యాంపుకి బయల్దేరేవాడు. కాలువలు వదిలేసరికి నల్లగా మాడిపోయి, చెంపలు లోపలికి పోయి, వెన్ను మాత్రం నిట్టనిలువుగా పెట్టుకుని తిరిగొచ్చి, అదే వెన్ను వంచి ఆకుమడి దున్నేవాడు. నేను చాటుమాటుగా ఆయనకి "కాలువలు కట్టేస్తే సిపాయి" అని పేరు పెట్టాను. ఆ పేరు ఆయన చెవిన పడితే కోపగించుకుంటాడని ఎదురుచూశాను. పడింది. భలే పేరు పెట్టావు బావా అని నవ్వి, క్యాంపులో తోటివాళ్ళకి కూడా చెప్పుకున్నాడట. ఎదుటివాడికి కోపం రాకపోతే వెక్కిరించినవాడికి ఎంత కడుపుమంటో, వెక్కిరించి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

అసలు సంగతి ఇంకోటుంది. ఆ దళంలో చేరదామన్న ఆలోచన ముందు నాది. పేపర్లో ప్రకటన చూసిందీ, కత్తిరించి జేబులో పెట్టుకుందీ, పంటు ఎక్కి అవతల ఒడ్డుకెళ్ళి ఆయనకి చూపించిందీ నేనే. అప్పుడు నేను నరసాపురంలో ఎలిమెంటరీ స్కూలు మాస్టర్ని. ఇద్దరం కలిసి రాజమండ్రి వెళ్ళాం. అక్కడో హైస్కూలు మైదానంలో బనియన్ల మీద పరుగెత్తించారు. పరుగులో ఆయన కంటే నేనే ముందొచ్చాను, ఇది ఎక్కడైనా చెబుతాను, ఆయన బతికుండగా ఆయన ఎదుటే చాలాసార్లు చెప్పాను. ఆ తర్వాత ఒక డాక్టరు మా అరికాళ్ళు తడిపించి గచ్చు మీద నడవమన్నాడు. బావ అడుగుజాడ సన్నగా, మధ్యలో నొక్కుతో, అచ్చం బొమ్మల్లో గీసే పాదంలా పడింది. నాది మాత్రం అప్పడంలా మొత్తం పరుచుకుంది. పాదం అడుగున వంపు లేదు, కవాతుకి పనికిరావని చెప్పేశారు. వంపు లేని పాదమని అంతకుముందు నాకు ఒక్కరూ చెప్పలేదు. ఆ పాదాలతోనే నేను ఊరంతా పరుగెత్తాను, గోదారి ఈదాను, అప్పటిదాకా నా ముందు పరుగెత్తినవాణ్ణి చూడలేదు. తిరుగు బస్సులో బావ నా భుజం మీద చెయ్యేసి ఏదో ఓదార్పు మాట అన్నాడు. ఆ చెయ్యి తీసేసి కిటికీలోంచి చూస్తూ కూచున్నాను.

దానికి తోడు సిపాయి రక్తం మా వంశానిది, వాళ్ళది కాదు. మా ముత్తాతలు జమీందారు దగ్గర కట్టుబడి బంట్లు. మామూలు రోజుల్లో ఇనాముగా ఇచ్చిన పొలం దున్నుకునేవాళ్ళు, జమీందారు నుంచి పిలుపొస్తే బల్లెం పట్టుకుని వెళ్ళేవాళ్ళు, పని కాగానే మళ్ళీ వచ్చి నాట్లేసుకునేవాళ్ళు. ఆలోచిస్తే టెరిటోరియల్ ఆర్మీ అంటే ఇదే కదా. ఢిల్లీ వాళ్ళు ఇప్పుడు కొత్తగా కనిపెట్టామనుకుంటున్నది మా ఇంట్లో నాలుగు తరాల క్రితమే ఉందని నేను బావతో వాదించేవాణ్ణి. ఆయన శ్రద్ధగా విని, అయితే నేను మీ ఇంటి అల్లుణ్ణి కాబట్టి ఆ కట్టుబడి నాకు సంక్రమించిందన్నమాట అనేవాడు. చూశారా, నాకున్న ఒక్క ముత్తాతనీ తన ఖాతాలో కలిపేసుకున్నాడు.

ఇంకొక్క ముచ్చట చెప్పి అసలు కథలోకొస్తాను. ఒక ఆగస్టు పదిహేనుకి మా స్కూలుకి ముఖ్య అతిథి కావాలని హెడ్మాస్టరు గారు తెగ వెతికారు. నేను చెప్పకుండానే ఎవరో బావ పేరు అందించారు. నేను రోజూ పాఠం చెప్పే స్కూల్లో, నేను మామిడాకులు కట్టిన కర్రకి, ఆకుపచ్చ యూనిఫారమేసుకుని వచ్చి ఆయన జెండా ఎగరేశాడు. నా క్లాసు పిల్లలు ఏడాదంతా నేను మొత్తుకున్నా వరసలో నిలబడనివాళ్ళు, ఆయన ఒక్క కేక వేసేసరికి బొమ్మల్లా నిలబడ్డారు. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి మా ఆవిడతో అనవసరంగా పోట్లాడాను. పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాను. ఉప్పు సరిపోయింది, నాకు తెలుసు.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చిన ఏడాది బావకి నిజంగా పిలుపొచ్చింది. తొలి పంట సార్వా చేలు పొట్ట మీదున్నాయి. పిలుపు కాగితం చూసుకుని, చదివి, మడిచి, గట్టు మీద నుంచే పాలేరుకి ఏ చేను ఎప్పుడు కోయాలో చెప్పి, మర్నాడు బయల్దేరిపోయాడు. అక్కకి అప్పటికి ఇద్దరు చంటిపిల్లలు. పంటు రేవు దాకా సాగనంపడానికి వెళ్ళినప్పుడు, దాళ్వా నాటికి రాలేకపోతే చేను చూస్తావా బావా అని నన్నడిగాడు. చూస్తానన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాననుకుంటాను. కానీ ఆ క్షణంలో నా మనసులో నడుస్తున్నది వేరే: అందరి ముందూ యుద్ధానికి వెళ్ళేది ఆయన, వెనకాల బురదలో దిగేది నేను.

యుద్ధం పదిహేను రోజుల్లోపే ముగిసింది. అందరూ మిఠాయిలు పంచుకున్నారు. బావని మాత్రం వదల్లేదు, బెంగాలు వైపు ఎక్కడో ఒక రైలు వంతెనకి కాపలా ఉన్నానని ఉత్తరం రాశాడు. దాళ్వా నాట్లు నేనే వేయించాను. సాయంత్రం స్కూలవగానే పంటు దాటి సైకిల్ మీద వెళ్ళి చేను చూసి వచ్చేవాణ్ణి, సెలవు రోజుల్లో పగలంతా అక్కడే ఉండేవాణ్ణి. మాఘమాసం వెళ్ళేసరికి గోదావరిలో నీరు తగ్గింది, కాలువకి వంతులు పెట్టారు. బావ చేను శివారు చేను. మన డెల్టాలో శివారు రైతు బతుకేంటో తెలిసిందే; పై ఊరివాళ్ళ పొలాలన్నీ తాగి వదిలితేనే బోదెలోంచి, అంటే ఆ పిల్లకాలువలోంచి, మనకి నాలుగు చుక్కలు అందుతాయి. శివారుకి వారానికొక పూట వంతు, అదీ ఏ రోజు పడుతుందో చెప్పలేం. ఆ పూట కూడా పై ఊరివాళ్ళు బోదెకి గడ్డీ మట్టీ వేసి అడ్డుకట్ట కట్టేసేవాళ్ళు. నీళ్ళు పంచే లస్కరు సర్కారు మనిషే గానీ ఒక్కడు ఎంతమందితో తగువాడతాడు? మొదటి వంతుకి పాలేరుని పంపాను, నానా మాటలూ పడి వచ్చాడు. రెండో వంతుకీ అంతే. నేను వెళ్ళలేదు. స్కూలుంది కదా అని పైకి చెప్పాను గానీ, పదిమంది పారలు పట్టుకుని నిలబడ్డ చోటికి ఒక్కణ్ణి వెళ్ళాలంటే నాకు గుండె చాల్లేదు. చేలో నెర్రెలు కనిపించాయి. అక్క గట్టు మీద నిలబడి, "ఆయనొచ్చేసరికి చేను ఎండిపోతే ఏ ముఖం పెట్టుకుని చూడమంటావురా?" అని అడిగింది. ఆయన ఉండుంటే ఇలా అయ్యేది కాదని అనలేదు. అనక్కర్లేకుండానే నాకు వినబడింది.

మూడో వంతు ఆదివారం పొద్దున వచ్చింది. ముందురోజే అక్క ట్రంకు పెట్టెలో బట్టలన్నీ తీసి దండెం మీద ఎండకి ఆరేసింది. క్యాంపులో కొత్త జత ఇచ్చాక బావ ఇంట్లో వదిలేసి వెళ్ళిన పాత యూనిఫారం కూడా అందులో ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ ఉండగా నాకొక ఆలోచన వచ్చింది. అక్కకి చెప్పకుండా దాన్ని సంచిలో పెట్టుకుని, మర్నాడు కొబ్బరితోటలోకి వెళ్ళి తొడుక్కున్నాను. ప్యాంటు పొడుగైంది, మడిచాను. చొక్కా భుజాల దగ్గర కాస్త వదులు, దానికి నేను చేసేదేముంది. బూట్లు లేవు. బురదలోకి దిగేవాడి కాళ్ళు ఎవరు చూస్తారని ధైర్యం చెప్పుకున్నాను. ఆ వంపు లేని పాదాలతోనే గట్టు వెంట వీలైనంత ఠీవిగా నడిచి తూము దగ్గరికి వెళ్ళాను.

పై ఊళ్ళో నన్ను ఎరిగినవాళ్ళు లేరు. పారలు పట్టుకున్నవాళ్ళు నన్ను చూసి లేచి నిలబడ్డారు. శివారు మిలిటరీ ఆయన బావమరిదినని, అదే దళంలో ఉన్నానని, సెలవు మీద వచ్చానని చెప్పాను. యుద్ధం గెలిచిన కొత్త కదా, ఆ బట్టలంటే అప్పట్లో జనానికి అదో పూనకం. తగువు లేదు, గొడవ లేదు. "అయ్యో, మీరు చెప్పాలాండీ?" అంటూ వాళ్ళే అడ్డుకట్ట తెగ్గొట్టారు. ఒకాయన కొబ్బరిబొండం కొట్టిచ్చాడు. ఒకాయన నన్ను గారూ అండీ అని పిలుస్తూ అక్కడ మంచు ఎంత పడుతుందండీ అని అడిగాడు. పేపర్లో చదివిందంతా కలిపి చెప్పేశాను. మధ్యాహ్నానికి బావ చేను నిండా నీళ్ళు. ఇంటికెళ్ళేసరికి అక్క నన్ను చూసిన చూపు, బావని చూసేటప్పటి చూపుకి కాస్త దగ్గరగా వచ్చింది. అబద్ధం చెప్పను, నా బతుకులో అంత సుఖంగా గడిచిన ఆదివారం ఇంకోటి లేదు.

అక్కడితో ఆపేసి ఉంటే ఇది నవ్వుకుంటూ చెప్పుకునే కథ అయ్యేది. తర్వాతి వంతు నాటికి పై ఊరివాళ్ళే వచ్చి, ఈసారి అడ్డుకట్ట వెయ్యమండీ అని పాలేరుతో కబురు చేశారు. యూనిఫారం అవసరం లేదు. నేను వెళ్ళాల్సిన అవసరం కూడా లేదు. అయినా ఆ శనివారం స్కూలుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను, మళ్ళీ అవే బట్టలు తొడుక్కుని వెళ్ళాను. చేనుకి నీళ్ళు అందుతాయో లేదో చూడటానికి కాదు. ఆ గారూ అండీ ఇంకోసారి వినడానికి.

తూము దగ్గర పదిమందిలో కూచుని నేను కోతలు కోస్తుండగా, గట్టు వెంట ఒక ముసలావిడ పడుతూ లేస్తూ వచ్చింది. ఆ ఊరావిడే. మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, పట్టాళంలో సిపాయి, పూర్తి కాలపు సిపాయి. యుద్ధంలో తూర్పు వైపు ఉన్నాడని మాత్రం తెలుసు, గొడవ ఆగి రెండు నెలలు దాటినా ఉత్తరం ముక్క లేదు. ఆవిడ రెండు కళ్ళలోనూ శుక్లాలు, చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపు చూసి, దగ్గరికొచ్చి చొక్కా చెయ్యి తడిమింది, గుండీలు తడిమింది, ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "బాబూ, అటేపు నుంచే వచ్చారటగదండీ. మావోడు కనబడ్డాడా అండి?" అని కొడుకు పేరు చెప్పింది.

లేదు అని ఒక్క మాట చెప్పాలి. నేను మిలిటరీ కాదు, మాస్టర్ని అని చెప్పాలి. పదిమంది నా నోటివైపే చూస్తున్నారు. నేను ఎవరినో తెలిస్తే ఇక ముందు నీళ్ళు రావు అని నాకు నేను అప్పుడు చెప్పుకున్నాను. కానీ ఇన్నేళ్ళ తర్వాత నిజం రాసుకుంటున్నాను, నీళ్ళ సంగతి నాకు అప్పుడు గుర్తే లేదు. వాళ్ళ కళ్ళలో చిన్నవాణ్ణి కావడం నాకు ఇష్టం లేకపోయింది. "కనబడ్డాడమ్మా, బాగానే ఉన్నాడు" అన్నాను.

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. చలి తగిలితే వాడికి చెవి కారుతుందండి, చిన్నప్పటి నుంచీ అంతే, అక్కడ చలంట కదా, తగ్గిందంటారా అని అడిగింది. తగ్గిందమ్మా అన్నాను. తింటున్నాడా అంది. తింటున్నాడన్నాను. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధానికి ఎంత ఓపికో. ఆవిడ అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చింది, ఆ తర్వాత నవ్వింది, కొడుకు కోసం శనివారాలు పస్తుంటున్నానని, ఇవాళ కడుపునిండా తింటానని చెప్పి వెళ్ళిపోయింది. ఎవరో నాకు ఇంకో బొండం కొట్టిచ్చారు. అది పక్కవాడి చేతిలో పెట్టి లేచాను.

ఆ రోజు నుంచి నా ప్రాణానికి నిద్రాహారాలు లేవు. ఆ కొడుకు చచ్చిపోయి ఉంటే? ఆ ఊరికి తంతి వచ్చిందేమోనని రేవులో కనబడ్డ ప్రతివాణ్ణీ డొంకతిరుగుడుగా అడిగేవాణ్ణి. వెళ్ళి నిజం చెప్పేద్దామని రెండుసార్లు పంటు దిగి, ఆ ఊరి మొగ దాకా వెళ్ళి, వెనక్కి వచ్చేశాను. యూనిఫారం ఉతికించి ట్రంకు పెట్టెలో అడుగున దాచేశాను. చేను మాత్రం బ్రహ్మాండంగా పండింది.

కోతల రోజుల్లో బావ తిరిగొచ్చాడు. దారిలో పై ఊరివాళ్ళు ఎదురుపడి, మీ బావమరిది కూడా మీ దళమేనటగా అన్నారట. అవునండి, అన్నాడట. ఇంటికొచ్చి ఆ ముక్క నాకు చెప్పి, ప్యాంటు పొడుగు కాలేదా బావా అని నవ్వాడు. నేనూ నవ్వాను. ముసలావిడ సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం లేదని తెలుసు. చెప్పలేదు.

నాలుగైదు రోజుల తర్వాత, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన బనియనూ పచ్చ ప్యాంటూ వేసుకుని అరుగు మీద కూచున్నాడు. నేను తలుపు పక్కన బల్ల మీద ఉన్నాను. ముసలావిడ మిలిటరీ వాళ్ళ ఇల్లు ఎక్కడని వాకబు చేసుకుంటూ వచ్చింది. కొడుకు నుంచి ఇంకా ఉత్తరం రాలేదు. తిన్నగా ఆయన దగ్గరికెళ్ళి, ఆ ప్యాంటు గుడ్డ చేత్తో తడిమి చూసి, ఆయన కాళ్ళ దగ్గర కూచుని, "ఆ రోజు చెప్పారు గదండీ బాబూ, ఇంకోపాలి చెప్పండి. మావోడు బాగున్నాడు గదా?" అంది. ఆవిడకి ముఖం తెలీదు, బట్టలే తెలుసు. నేనొకణ్ణి అక్కడున్నానని తెలియకూడదని దగ్గు కూడా ఆపుకున్నాను.

బావ నా వైపు చూశాడు. ఒక్కసారి, అంతే. ఆ చూపులో ఆయనకి అంతా తెలిసిపోయింది, తెలిసిపోయిందని నాకూ తెలిసింది. కావాలంటే అవునమ్మా అని పంపించేయొచ్చు. కావాలంటే చెప్పింది నేను కాదమ్మా, అదిగో వీడు అని చూపించొచ్చు. ఆ రెండూ చెయ్యలేదు. అరుగు దిగి ఆవిడ పక్కన నేల మీద కూచుని, "లేదమ్మా. మీ అబ్బాయిని చూడలేదు. ఆ రోజు చెప్పింది అబద్ధం. తప్పు నాది" అన్నాడు.

ఆవిడ చెయ్యెత్తి ఆయన చెంప మీద కొట్టింది. ముసలి చెయ్యే గానీ, ఆ చప్పుడికి లోపల్నుంచి అక్క పరుగెత్తుకొచ్చింది. బావ ముఖం పక్కకి తిప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కొట్టిన చేత్తోనే ఆవిడ ఆయన బనియను పట్టుకుని ఏడుస్తుంటే, కనుక్కుంటానమ్మా, నేనే కనుక్కుంటానని చెబుతూ కూచున్నాడు. అక్క ఏమైందని నన్నడిగింది. కొడుకు కబురు లేదట, పాపం, అన్నాను.

ఆవిణ్ణి ఇంటి దగ్గర దించి వచ్చాక నేను తిట్ల కోసం కాచుక్కూచున్నాను. "చేనుకి నీళ్ళు అందించావు బావా, దానికి నేను నీకు రుణపడి ఉంటాను. ఇక ఆవిడకి కబురు అందాలి, అది చూద్దాం" అన్నాడు, అంతే. మర్నాడు కోసి పనల మీదున్న చేను నా చేతిలో పెట్టి, కాకినాడలో సైనికుల వ్యవహారాలు చూసే ఆఫీసుకి వెళ్ళాడు. తర్వాత ఇంకా ఎక్కడెక్కడికో టెలిగ్రాములు ఇచ్చాడు. రెండు వారాలకి జవాబు వచ్చింది. కొడుకు బతికే ఉన్నాడు, ఉత్తరాదిన ఒక మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నాడు. కుడిచెయ్యి దెబ్బతిని రాయలేకపోయాడట, ఇంకొకరిచేత రాయిస్తే అమ్మ బెంగపడుతుందని మానేశాడట. ఆ వర్షాలకి ఇంటికి వచ్చాడు. గుండు పేలిన అదురుకి ఒక చెవి పూర్తిగా వినపడకుండా పోయింది. చలికి కారే చెవి అదే. తగ్గిందమ్మా అని నేను చెప్పిన చెవి.

నేను ఎప్పుడూ ఆవిడకి చెప్పలేదు. బావతో ఒకసారి పంటు మీద ఉండగా ఎత్తబోయాను, ఆయన గోదారి వైపు చూపించి పోటు వస్తున్నట్టుందే అన్నాడు. ఆవిడ పోయింది, మా అక్క పోయింది, చివరికి ఆయనా పోయాడు. ఆయన పోయినప్పుడు పై ఊరివాళ్ళు కూడా వచ్చారు. ఆ చెవి వినబడని కొడుకు, ముసలివాడైపోయి, కర్ర పట్టుకుని వచ్చి నిలబడి సెల్యూట్ కొట్టాడు. అప్పుడు కూడా నాకు కడుపు మండింది.

ఇప్పుడు ఆ శివారు చేలన్నీ రొయ్యల చెరువులు. వంతు లేదు, అడ్డుకట్ట లేదు, బోదె ఎక్కడుండేదో చూపించమంటే నేను కూడా చూపించలేను. మోటారు స్విచ్చి వేస్తే నీళ్ళు, ఆపితే లేవు. కాలువలు ఇప్పటికీ ఎండాకాలంలో కట్టేస్తూనే ఉన్నారు గానీ, ఆ రెండు నెలలూ ఇంకొకరి కోసం ఖర్చుపెట్టే రైతుని నేను చూడలేదు. ఎక్కడో ఉండే ఉంటారు. టీవీలో ఆ ముక్క పరుగెత్తిందంటే, ఎక్కడో ఒక ఊళ్ళో ఎవడో ఒకడు పనిముట్లు పక్కన పెట్టి పెట్టె సర్దుకుంటూనే ఉంటాడు, వాడి బావమరిది ఒకడు కుళ్ళుకుంటూనే ఉంటాడు.

బావకి ఆ యూనిఫారం దక్కింది, దాని మీద నాకు అసూయే. మా స్కూల్లో జెండా దక్కింది, అక్క చూపు దక్కింది, మా అమ్మ చేతి మొదటి ముద్ద దక్కింది, వాటన్నిటి మీదా అసూయే. కానీ అవన్నీ ఆయనవి, ఆయన సంపాదించుకున్నవి, ఇవాళ కాకపోతే రేపు ఒప్పేసుకుంటాను. ఆయన చెంప మీద పడ్డ ఆ దెబ్బ మాత్రం ఆయనది కాదండి. అది నాది. ఆయన దగ్గరున్నవాటిలో నాదంటూ ఉన్నది అదొక్కటే, అది కూడా ఆయనే పట్టుకెళ్ళిపోయాడు.